తగ్గినట్టే తగ్గి తిరిగొచ్చే తామర

గజ్జల్లో, నడుము చుట్టూ గుండ్రటి ఎర్రమచ్చలు. రాత్రయితే నిద్రపోనివ్వని దురద. సిగ్గుతో డాక్టరుకు చూపించుకోలేక చాలామంది ముందు మెడికల్ షాపుకే వెళ్తారు. అక్కడిచ్చే ట్యూబులో తరచూ ఫంగస్ మందుతోపాటు స్టెరాయిడ్ కూడా ఉంటుంది. రాసిన కొద్దిరోజులకే ఎరుపు, దురద తగ్గుతాయి. తామరకు మూలమైన ఫంగస్ మాత్రం చావదు. క్రీము ఆపగానే మచ్చ ఇంకా పెద్దదై తిరిగొస్తుంది.

2018లో కేంద్రం 14 స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని చెప్పింది. అయినా అడిగినవాళ్లకు దొరుకుతూనే ఉండటం బాధాకరం.

పైగా, 2020లో పేరుపెట్టిన ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే తామర ఫంగస్ చాలాసార్లు టెర్బినాఫిన్ మాత్రలకు లొంగదు. అప్పుడు చర్మవైద్యులు ఇట్రాకొనజోల్ రాస్తారు, అదీ వారాల తరబడి. ఇంట్లో ఇంకెవరికైనా మచ్చలుంటే వాళ్లకూ అదే సమయంలో వైద్యం జరగాలి. తువ్వాళ్లు, లోదుస్తులు ఎవరివి వాళ్లే వాడుకోవాలి. మచ్చ మాయమైనా డాక్టరు చెప్పిన గడువుదాకా మందు ఆపకూడదు.