అనుబంధ బోధనా కేంద్రాల్లో బోధకుల శిక్షణ, వికాసం

లక్ష్యాలు

ఈ భాగాన్ని అధ్యయనం చేసిన తరవాత మీరు:
• శిక్షణకు, వృత్తి వికాసానికి గల భేదాన్ని వివరించగలుగుతారు.
• స్థానిక పరిస్థితులకు తగిన శిక్షణ ప్రణాళికను సూచించగలుగుతారు.

1. పరిచయం

బడి వేళలకు ముందు లేదా తరవాత పిల్లల చదువుకు తోడ్పడే కేంద్రాలను అనుబంధ బోధనా కేంద్రాలు అంటాం. అనంతపురం జిల్లాలో ఇవి కొత్త కాదు. విన్సెంట్ ఫెర్రర్ దంపతులు 1969లో అనంతపురంలో ప్రారంభించిన గ్రామీణాభివృద్ధి సంస్థ (ఆర్.డి.టి.) అనేక గ్రామాల్లో ఇలాంటి అనుబంధ పాఠశాలలు నడిపింది.

వీటి అవసరం ఎక్కడిదో బెళుగుప్ప వంటి మండలాన్ని చూస్తే అర్థమవుతుంది. జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లే. వేరుశనగ పంట పోయిన ఏడాది తల్లిదండ్రులు బెంగళూరు వంటి నగరాలకు వలస పోతారు. పిల్లలు అవ్వాతాతల దగ్గర ఉండిపోతారు. ఇంట్లో పుస్తకం తెరిచి చూసేవారు ఉండరు. సాయంత్రం కేంద్రంలోని బోధకుడే ఆ పని చేయాలి.

2. శిక్షణ ఎందుకు అవసరం?

పాఠశాల ఉపాధ్యాయుల కనీస అర్హతల గురించి విద్యాహక్కు చట్టం (2009) 23వ సెక్షన్ చెబుతుంది. అనుబంధ కేంద్రాల బోధకులకు అది వర్తించదు. సాధారణంగా ఊళ్లోనే ఇంటర్ లేదా డిగ్రీ చదివిన యువతీయువకులు ఈ పని చేస్తారు. వారికి పిల్లల భాష, కుటుంబ పరిస్థితి తెలుసు. బోధన పద్ధతులు మాత్రం తెలియవు. కనుక ఆ బాధ్యత కేంద్రాన్ని నడిపే సంస్థదే.

ఉదాహరణకు, నాలుగో తరగతి చదివే ఒక అమ్మాయి హోంవర్కును ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకొచ్చిందనుకుందాం. శిక్షణ లేని బోధకుడు సంతకం పెట్టి పంపిస్తాడు. అదే పేజీ చదవమంటే ఆమె రెండో పదం దగ్గరే ఆగిపోవచ్చు. ఆమెకు వచ్చింది చూసి రాయడమే, చదవడం కాదు. ఈ సంగతి గుర్తించకపోతే ఆ అమ్మాయి చదవడం రాకుండానే హైస్కూలుకు వెళ్తుంది.

3. శిక్షణలోని అంశాలు

అ) స్థాయి గుర్తింపు: ప్రథమ్ సంస్థ 2005లో ప్రారంభించిన అసర్ సర్వేలో పిల్లల పఠనాన్ని అక్షరం, పదం, పేరా, కథ అనే మెట్లలో పరీక్షిస్తారు. ఒక్కో పిల్లవాడికి కొద్ది నిమిషాలు చాలు. బోధకుడు మొదట నేర్వవలసినది ఇదే. పిల్లలను తరగతిని బట్టి కాక, స్థాయిని బట్టి జట్లుగా చేయాలి.

ఆ) తప్పును చదవడం: 52 నుంచి 17 తీసివేయమంటే ఒక పిల్లవాడు 45 అని రాశాడు. అతడు 7లోంచి 2, 5లోంచి 1 తీసేశాడు. అంటే అతనికి తీసివేత వచ్చు, పదుల నుంచి అప్పు తెచ్చుకోవడం రాదు. ఇంటూ మార్కు పెట్టి వదిలేయకుండా పుల్లల కట్టలతో ఆ ఒక్క మెట్టును నేర్పాలి.

ఇ) మాదిరి బోధన: ఉపన్యాసం వినడం కన్నా, తోటి బోధకుల ముందు పాఠం చెప్పి సూచనలు తీసుకోవడం మేలు.

4. శిక్షణ నుంచి వికాసానికి

శిక్షణ కొన్ని రోజుల్లో ముగుస్తుంది. వికాసం పనితోపాటు సాగుతుంది. వేసవిలో అయిదు రోజుల శిబిరం పెట్టి, ఏడాదంతా పలకరించకపోతే నేర్చిన పద్ధతి జారిపోతుంది. పర్యవేక్షకుడు నెలకొకసారి కేంద్రంలో కూర్చొని పాఠం చూడాలి, తరవాత బోధకుడితో మాట్లాడాలి. రిజిస్టరు తనిఖీ దీనికి ప్రత్యామ్నాయం కాదు. దగ్గరి ఊళ్ల బోధకులు నెలకొకసారి కలిసి, తమకు కొరుకుడుపడని ఒక్కో సమస్యను చర్చించాలి.

సమావేశాల తేదీలను వ్యవసాయ పనులను బట్టి నిర్ణయించాలి. విత్తనం వేసే జూన్, జులైలలోను, కాయ పీకే రోజుల్లోను బోధకులు కూడా పొలంలోనే ఉంటారు.

బోధకులు పని మానేయడం మరో సమస్య. మంచి ఉద్యోగం దొరికితే వెళ్లడం సహజం. గౌరవ వేతనం సకాలంలో ఇవ్వడం, దూరవిద్య ద్వారా పై చదువుకు ప్రోత్సహించడం వారిని కొంతకాలం నిలుపుతాయి. ప్రతి పిల్లవాడి స్థాయిని నమోదు చేసిన పుస్తకం ఉంటే, కొత్తగా వచ్చినవారు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కర లేదు.

5. సారాంశం

స్థానిక బోధకుడికి పిల్లలతో ఉన్న చనువు పెద్ద బలం. స్థాయి గుర్తింపు, తప్పుల విశ్లేషణ, మాదిరి బోధన ఆ చనువును చదువుగా మారుస్తాయి. ఇవి నిలవాలంటే ఏడాది పొడవునా తోడ్పాటు ఉండాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పిల్లలను స్థాయిని బట్టి జట్లుగా ఎందుకు చేయాలి?
2. మీ గ్రామంలోని పంట కాలాలను దృష్టిలో ఉంచుకొని బోధకులకు ఒక సంవత్సరపు శిక్షణ ప్రణాళికను రాయండి.