ఒంటరి పోరు – జంట పోరు

నాణెం వేసి ఆడే వీడియో క్రీడలలో కాల్పుల క్రీడలకు విశిష్ట స్థానం ఉంది. 1978లో జపానుకు చెందిన తైతో సంస్థ కోసం తొమొహిరో నిషికాదో రూపొందించిన 'స్పేస్ ఇన్వేడర్స్' వీటిలో సుప్రసిద్ధమైనది. ఐదు వరుసలలో బారులు తీరిన 55 శత్రురూపాలు క్రమంగా కిందికి దిగివస్తుంటాయి. వాటి సంఖ్య తగ్గేకొద్దీ వేగం పెరుగుతుంది. యంత్రం గీయవలసిన బొమ్మలు తగ్గడమే ఇందుకు కారణం. ఇద్దరు ఆడదలచినా ఒకరి తరువాత ఒకరు ఆడవలసిందే. కనుక జయాపజయాలకు ఆటగాడే పూర్తి బాధ్యుడు.

1987లో కొనామి సంస్థ వెలువరించిన 'కాంట్రా'లో ఇద్దరు ఒకే తెరపై ఏకకాలంలో పోరాడవచ్చు. ఒకరు ముందు వచ్చే శత్రువును ఎదుర్కొంటే, మరొకరు వెనుకనుండి వచ్చేవారిని నిలువరిస్తారు. ఒకరి తూటా మరొకరికి తగలదు. అందువల్ల సహచరునివలన ప్రమాదం లేదనిపిస్తుంది. కాని 1988లో ఇంటి యంత్రాలకై వచ్చిన 'కాంట్రా'లోని జలపాత ఘట్టం ఈ భ్రమను తొలగిస్తుంది. అక్కడ రాళ్లమీదుగా పైకి ఎగురుతూ పోవాలి. ముందున్నవాడు త్వరపడితే తెర అతనితోపాటే పైకి జరుగుతుంది. వెనుకబడినవాడు తెర అడుగున చిక్కి ఒక ప్రాణం కోల్పోతాడు. అతనిని కూల్చినది శత్రువు కాదు, మిత్రుని తొందరపాటు! దారిలో లభించే మేలైన ఆయుధం సైతం ఇద్దరిలో ఒక్కరికే దక్కుతుంది. దానిని ఎవరు తీసుకోవాలో వారే నిర్ణయించుకోవాలి.

ఒంటరి ఆట హస్తలాఘవాన్ని, ఏకాగ్రతను పరీక్షిస్తుంది. జంట ఆట వీటితోపాటు ఓర్పును, పంచుకునే గుణాన్ని కూడా పరీక్షిస్తుంది. ఒంటరిగా ఆడేటప్పుడు గుణంగా భాసించిన వేగమే, తోడున్నప్పుడు దోషం కావచ్చు. ఒంటరి పోరులో ఆరితేరినవాడు మంచి సహచరుడు కావాలంటే, ఒక్క క్షణం ఆగి వెనుకకు చూడడం నేర్చుకోవాలి.