వెనుక భాగాన ఒక్క ఫిరంగి : ఓండినా నౌక కథ

వాణిజ్యనౌకకు ఫిరంగి అమర్చడం యుద్ధకాలాలలో పాత ఆచారమే. అయితే ఆ ఫిరంగి సాధారణంగా నౌక వెనుక కొసన ఉంటుంది. వెంటాడి వచ్చే శత్రువును నిలువరిస్తూ తప్పించుకొనిపోవడానికే అది ఉద్దేశింపబడింది. ముందు భాగాన ఫిరంగి ఉంటే, నౌక తానే దాడికి బయలుదేరిందన్న అభియోగానికి అవకాశం కలదు. ఈ భేదం కాగితంమీద స్పష్టమే. సముద్రంమీద అంత స్పష్టం కాదని ఓండినా అనే డచ్చి నౌక కథ తెలుపుతుంది.

ఆరువేల టన్నులకు పైబడిన ఈ చమురునౌక 1939లో ఆమ్‌స్టర్‌డామ్‌లో తయారైంది. 1940 మే నెలలో హాలెండు జర్మనీ వశం కాగా, విదేశజలాలలోని డచ్చి నౌకలు లండనులోని ప్రవాస ప్రభుత్వం పక్షాన మిత్రరాజ్యాలకు సేవచేశాయి. అట్టి వానిలో ఓండినా ఒకటి. దాని వెనుక భాగాన 4 అంగుళాల ఫిరంగి నిలిపారు. దానిని పేల్చడానికి డచ్చి, బ్రిటిష్ గోలందాజులను ఎక్కించారు. పేలుడు గుండ్లు 32 మాత్రమే.

1942 నవంబరులో అది ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ నుండి ఖాళీ ట్యాంకులతో డీగో గార్షియాకు బయలుదేరింది. తోడుగా వచ్చినది మన శ్రోతలకు పరిచితమైన పేరే: రాయల్ ఇండియన్ నేవీకి చెందిన "బెంగాల్". సిడ్నీలో నిర్మితమై తొలిసారిగా భారతదేశానికి వస్తున్న చిన్న నౌక అది. దాని ప్రధాన ఫిరంగి ఓండినా ఫిరంగి కంటె చిన్నది! రక్షకుని ఆయుధం రక్షితుని ఆయుధం కంటె తక్కువదైన ఈ విచిత్రానికి కారణం ఆనాటి ఆయుధాల కొరత కాక మరేమిటి?

నవంబరు 11న, కోకోస్ దీవులకు నైరుతిగా, జపాను దాడినౌకలు రెండు ఎదురైనవి: హోకోకు మారు, ఐకోకు మారు. ఒక్కొక్కటి పదివేల టన్నులకు పైబడినది. అవీ ఒకప్పుడు వాణిజ్యనౌకలుగా కట్టినవే. బెంగాల్ అధిపతి విల్సన్ తాను శత్రువుమీదికి పోతూ, ఓండినాను తప్పించుకొమ్మని ఆదేశించాడు. ఓండినా కెప్టెన్ హోర్స్‌మన్ ఆ మాట పాటించలేదు. వేగంలో శత్రువును మించజాలని నౌకకు పలాయనం వలన ప్రయోజనమేమి?

ఒక గుండు హోకోకు మారును తాకింది. మంటలు చెలరేగి, పెద్ద ప్రేలుడుతో ఆ నౌక మునిగిపోయింది. ఆ గుండు ఎవరిదన్న వివాదం తరువాత చాలకాలం నడిచింది. ఫిరంగి పరిమాణాన్నిబట్టి మేము ఓండినావైపే మొగ్గుతాము. కాని ఆ చిన్ననౌక ధైర్యంగా ఎదురేగి శత్రువు దృష్టిని తనవైపు త్రిప్పుకొనకపోతే, డచ్చివారికి అంత వ్యవధి దొరికేది కాదు.

గుండ్లు అయిపోయినవి. బెంగాల్ దెబ్బతిని తొలగిపోయింది. హోర్స్‌మన్ నౌకను ఆపి, పడవలు దింపమని ఆజ్ఞాపించాడు. అంతలో శత్రువు గుండుకు బలియైపోయాడు. ఐకోకు మారు టార్పెడోలు ప్రయోగించడమే గాక, పడవలలో ఉన్న నావికులమీద మరతుపాకులు పేల్చింది. ఆయుధాలు ఉడిగినవారిమీద ఈ కాల్పులు ఏ నౌకాధర్మంలోనూ ఇమడవు. తరువాత అది తన తోడినౌక సిబ్బందిని ఎక్కించుకొని వెళ్లిపోయింది.

ఖాళీ ట్యాంకులే ఓండినాను కాపాడినవి. చమురు నిండి ఉంటే ఏమయ్యేదో వేరుగా చెప్పనక్కరలేదు. మిగిలినవారు తిరిగి ఎక్కి, మంటలార్పి, యంత్రాలు నడిపి, నవంబరు 18న ఫ్రీమాంటిల్ చేరారు. అది మునిగిందనుకొన్న బెంగాల్ అప్పటికే తన దారి తాను పోయింది.

యుద్ధకాలంలోనే మరమ్మతు పొందిన ఓండినా చాలకాలం చమురు మోసింది. 1959లో హాంకాంగులో దానిని విడగొట్టారు.