పనిచేసే చేతి గోళ్లకు జెల్ రంగు నిలవాలంటే

జెల్ నెయిల్ పాలిష్ సీసా మీద రెండు వారాలనో, మూడు వారాలనో గడువు రాసి ఉంటుంది. అది ఎలాంటి చేతికో మాత్రం రాయరు. సిరిసిల్లలో పొద్దంతా కండెలు చుట్టే చేయి, కోరుట్ల, మెట్‌పల్లిలో బీడీలు చుట్టే చేయి, ఆదిలాబాద్ నల్లరేగడిలో పత్తి ఏరే చేయి, రిమ్స్ ఆసుపత్రి వార్డులో మంచం మంచానికీ కడుక్కునే నర్సు చేయి... వీటన్నిటికీ ఒకే గడువు ఎలా కుదురుతుంది? తమ్ముడి పెళ్లికో, బతుకమ్మకో ముచ్చటపడి వేయించుకున్న రంగు వారం తిరగకముందే అంచున లేస్తే పాలిష్ మంచిది కాదనుకుంటారు. చాలాసార్లు తప్పు సీసాది కాదు. రంగు వేసేముందు గోరు ఎంత పొడిగా ఉంది, వేశాక ఎంతసేపు నీళ్లలో నానింది? లెక్క దాదాపుగా ఇక్కడే తేలుతుంది.

మామూలు నెయిల్ పాలిష్ గాలికి ఆరుతుంది. అందులోని ద్రావకం ఎగిరిపోతే రంగు పొర మిగులుతుంది. జెల్ సంగతి వేరు. అది ఆరదు, గట్టిపడుతుంది. అందులో అక్రిలేట్, మెథాక్రిలేట్ అనే చిన్న చిన్న అణువులు ఉంటాయి. లాంప్ వెలుగు తగలగానే ఒకదానితో ఒకటి గొలుసులుగా అల్లుకుని ప్లాస్టిక్ పొరగా మారతాయి. పంటి డాక్టరు నీలి వెలుగు చూపించి గట్టిపరిచే ఫిల్లింగ్‌లో జరిగేదీ ఇలాంటి చర్యే. అమెరికాకు చెందిన సీఎన్‌డీ కంపెనీ 2010లో ‘షెల్లాక్’ పేరుతో బ్రష్‌తో పూసే జెల్‌ను తెచ్చాక ఈ పద్ధతి సెలూన్లలో బాగా పాకింది.

ఈ పొర గట్టిది, కానీ దాని కింద ఉన్న గోరు నిలకడగా ఉండదు. గోరు కెరటిన్ అనే ప్రోటీన్ పొరలతో తయారవుతుంది. నీళ్లలో ఉన్నంతసేపూ తడిని పీల్చుకుని ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, ఆరాక మళ్లీ ముడుచుకుంటుంది. పైనున్న జెల్ అంతగా సాగదు, ముడుచుకోదు. బోళ్లు తోమి, బట్టలు ఉతికి, ఇల్లు తుడిచి, మళ్లీ వంటకు కూర్చునే చేతిలో ఈ ఉబ్బడం, ముడుచుకోవడం రోజుకు ఎన్నోసార్లు జరుగుతాయి. ఆ లాగుడుకు అతుకు ముందు అంచు దగ్గరే ఊడుతుంది. అక్కడినుంచి నీరు లోపలికి చేరుతుంది. వానకాలం నాట్లలో గంటల తరబడి బురదలో ఉండే చేతి మీద రంగు నిలవకపోవడానికి ఇదే కారణం.

చాలా పార్లర్లలో మానిక్యూర్ మొదలయ్యేదే చేతుల్ని గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టడంతో. హాయిగా ఉంటుంది, కాదనలేం. జెల్‌కు మాత్రం అది చేటు. తడి పీల్చి ఉబ్బిన గోటి మీద పొర వేస్తే, ఇంటికి వెళ్లేసరికి గోరు ఆరి ముడుచుకుంటుంది. పొర మాత్రం ముందు కొలతలోనే ఉండిపోతుంది. జెల్ వేయించుకునే రోజు ‘నీళ్లలో పెట్టొద్దు, పొడిగానే చేయండి’ అని అడగడం ఖర్చు లేని పని. నిర్మల్ కొయ్యబొమ్మల కళాకారులు పొణికి కర్రను చెక్కి, చింతగింజల లప్పం పట్టించి, ఆరనిచ్చి, నునుపు చేశాకే రంగు బ్రష్ పడతారు. గోటికీ అంతటి తయారీ కావాలి.

ఆ తయారీలో పెద్ద రహస్యమేమీ లేదు. గోటి మొదట్లో పలకకు అంటుకుని ఉండే పల్చని చనిపోయిన చర్మాన్ని మెల్లగా గీకి తీసేయాలి. దాని మీద పూసిన జెల్ గోటిని పట్టుకోదు, చర్మాన్నే పట్టుకుంటుంది. గోటి వెనక బతికి ఉన్న చర్మపు మడతను మాత్రం కత్తిరించకూడదు. ఎప్పుడూ తడిలో పనిచేసేవాళ్లకు సూక్ష్మజీవుల్ని అడ్డుకునే గోడ అదే. అది తెగితే గోరుచుట్టు వస్తుంది. ఊళ్లలో నిమ్మకాయకు బొక్కపెట్టి వేలికి తొడిగే ఆ సలుపు ఎంత నరకమో పడ్డవాళ్లకే తెలుసు. ఆ తర్వాత గోటి మెరుపు పోయేంత వరకే తేలిగ్గా రుద్ది, దుమ్ము దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. కొబ్బరినూనె, హ్యాండ్ క్రీమ్ జాడ ఏమాత్రం మిగలకూడదు. అందుకే నూనె రాసుకునే అలవాటు ఉన్నవాళ్లు జెల్‌కు ముందు మానేసి, రంగు గట్టిపడ్డాక మొదలుపెట్టాలి. అప్పుడు అదే నూనె గోరు పెళుసుబారకుండా కాపాడుతుంది.

పూసేటప్పుడు పల్చగా పూయాలి. ఒక మందపాటి పూత కన్నా రెండు పల్చటి పూతలు మేలు. మందంగా ఉంటే వెలుగు అడుగుదాకా అందదు, పైన గట్టిపడి లోపల పచ్చిగా ఉండిపోతుంది. బేస్ కోట్, రంగు, టాప్ కోట్ మూడింటినీ గోటి కొస అంచు మీదికి కూడా ఒకసారి లాగాలి. చేతిపని చేసేవాళ్లు దీన్ని పట్టుబట్టి అడగాలి. ఎందుకంటే సీటు బెల్టు నొక్కినా, టిఫిన్ డబ్బా మూత తీసినా, కుట్టుమిషన్ కింద గుడ్డ జరిపినా ముందు తగిలేది ఆ అంచే. అది తెరిచి ఉంటే నీరు నేరుగా పొర కిందికి పోతుంది.

ఇక పొడవు. వేలి కొసను దాటిన గోరు ఎంత పొడవుంటే, తగిలిన దెబ్బ మొదట్లో అంత ఎక్కువగా పడుతుంది. వేలి కొస వరకే కత్తిరించి, మూలలు గుండ్రంగా చేసిన గోటి మీద జెల్ ఎక్కువ రోజులుంటుంది. కండెలు చుట్టేవాళ్లకు దీంతో ఇంకో లాభం. పెచ్చు లేచిన అంచుకు దారం తట్టుకుని తెగదు.

బీడీ పని ఇంకా సున్నితమైనది. నానబెట్టిన తునికాకును కొలతకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, కొసలు మడవాలి. తడి, తంబాకు పొడి, వేళ్ల కొసల ఒత్తిడి అన్నీ ఒకేచోట. గ్లవ్స్ వేసుకుంటే ఆకు చేతికి తెలియదు, అందుకే ఆ సలహా ఇక్కడ పనికిరాదు. తంబాకులోని నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరుతుంది. పొడవైన గోటి కింద పొడి ఇరుక్కుంటే అన్నం ముద్దతో పాటు నోట్లోకీ పోతుంది. బీడీలు చుట్టే అక్కలకు పొట్టి గోళ్లు అందం కోసం చెప్పే మాట కాదు. తినేముందు గోటి కింద పాత బ్రష్‌తో రుద్ది కడుక్కోవడం రంగు కన్నా ముఖ్యం. పత్తి చేలలో అయితే పగిలిన కాయ చుట్టూ ఎండిన రెక్కల మొనలు గోటి పక్కనే గుచ్చుకుంటాయి. కూలి కిలోల లెక్కన కాబట్టి చేయి ఆగదు. బొటనవేలికి, చూపుడువేలికి మెత్తటి గుడ్డ టేపు చుట్టుకుంటే చర్మానికీ రంగుకూ కొంత రక్షణ. ఇంటికొచ్చాక బోళ్ల దగ్గర రబ్బరు గ్లవ్స్ వేసుకోవచ్చు. లోపల చెమట పట్టకముందే తీసేయాలి, లేదంటే గ్లవ్‌లోనే గోరు నానుతుంది.

కొన్ని ఉద్యోగాల్లో జెల్ వద్దనడమే న్యాయం. రోగుల్ని ముట్టుకునే సిబ్బంది కృత్రిమ గోళ్లు పెట్టుకోవద్దని, సొంత గోటి కొస అర సెంటీమీటరు కన్నా తక్కువ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాల్లో చెప్పింది. అమెరికాలోని ఒక్లహోమాలో 1997-98లో నవజాత శిశువుల ఐసీయూలో సూడోమోనాస్ బాక్టీరియా సోకి పసిబిడ్డలు చనిపోయారు. ఆరా తీసినప్పుడు కొందరు నర్సుల పొడవాటి, కృత్రిమ గోళ్లకు దానితో సంబంధం కనిపించింది. మన దేశంలో ఆహార భద్రత నిబంధనలు (2011), షెడ్యూల్ 4 ప్రకారం వంట చేసేవాళ్ల గోళ్లు కత్తిరించి ఉండాలి, కృత్రిమ గోళ్లు పెట్టుకోకూడదు. హోటల్, బేకరీ, స్వీట్ షాపుల్లో చేసేవాళ్లకు ఇది వర్తిస్తుంది.

ఇంట్లో వంటకు అంత కట్టడి లేదు, పసుపు ఒక్కటే ఇబ్బంది. జగిత్యాల, మెట్‌పల్లి వైపు పసుపు బాగా పండుతుంది. లేత గులాబీ, తెలుపు జెల్ మీద అది ఇట్టే ఎక్కుతుంది. నలుగు పెట్టే పెళ్లింట్లో ఉండేవాళ్లు ముదురు ఎరుపో, వంగపండు రంగో ఎంచుకోవడం తెలివి.

రంగు నిలవడం కన్నా పెద్ద సంగతి అలర్జీ. పచ్చిగా మిగిలిన జెల్‌లోని హెమా అనే పదార్థం చర్మానికి తగిలితే దురద, ఎర్రదనం, గోరు ఊడటం దాకా రావచ్చు. ఒకసారి పట్టుకున్న ఆ అలర్జీ జీవితాంతం వదలకపోవచ్చు. పంటి ఫిల్లింగ్‌లలోనూ ఈ కుటుంబపు పదార్థాలే వాడతారు కాబట్టి ఇబ్బంది నోటిదాకా వెళ్లొచ్చు. యూరప్‌లో హెమా ఉన్న జెల్‌ను నిపుణులే వాడాలని 2021 నుంచి షరతు ఉంది. వెలుగుకు స్పందించే టీపీఓ అనే పదార్థాన్ని అక్కడ 2025 సెప్టెంబరు నుంచి నిషేధించారు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిన లాంపును వేరే కంపెనీ జెల్‌తో వాడితే సరిగా గట్టిపడకపోవచ్చు. జెల్ చర్మానికి అంటితే లాంపులో పెట్టకముందే తుడిచేయాలి. తయారీదారు పేరు, పదార్థాల జాబితా లేని సీసాను ముట్టుకోకపోవడమే మంచిది.

జెల్ కుదరని చేతికి ఇక్కడి ఆడవాళ్లు ఎప్పటినుంచో పెట్టుకునే మైదాకు ఉండనే ఉంది. ఆ ఆకులోని లాసోన్ అనే రంగు పదార్థం గోటి కెరటిన్‌తోనే కలిసిపోతుంది. పైన పొర ఉండదు కాబట్టి నీటికి లేచేది, పెచ్చులూడేది ఏమీ లేదు. చేతిగోరు నెలకు సుమారు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆషాఢంలో పండిన ఎరుపు నాట్లు, కలుపు దాటి, బతుకమ్మ నాటికి గోటి కొసకు చేరుతుంది. దంచిన ఆకు అయితే ఇదంతా నిజం. కారునలుపు రంగిచ్చే కోన్లలో తరచూ పారా ఫినైలీన్ డయమైన్ కలుపుతారు, అది చర్మాన్ని బొబ్బలెక్కించవచ్చు.

జెల్ వేసుకున్నవాళ్లు దాన్ని తీసే రోజునా అంతే జాగ్రత్త పడాలి. అంచు లేస్తే గోటితో గిల్లి లాగొద్దు, పొరతో పాటు గోటి పలక కూడా పెచ్చుగా వస్తుంది. జిగురుతో అతికించినా తప్పే. లోపల చిక్కిన తడిలో సూడోమోనాస్ పెరిగి గోరు ఆకుపచ్చగా మారుతుంది, అప్పుడు రంగు తీసేసి డాక్టరుకు చూపించాలి. టాప్ కోట్‌ను తేలిగ్గా ఫైల్ చేసి, అసిటోన్‌లో తడిపిన దూదిని గోటి మీద పెట్టి, అల్యూమినియం ఫాయిల్ చుట్టి పది పదిహేను నిమిషాలు ఉంచితే జెల్ మెత్తబడి దానంతటదే లేస్తుంది. మూడు వారాలు దాటనివ్వకుండా ఇలా తీయించుకుని, కొన్నాళ్లు నూనె రాసి గోటిని ఖాళీగా వదలాలి. లాగి పాడుచేసుకున్న గోరు మొత్తం కొత్తగా రావడానికి ఆరు నెలలు పడుతుంది.