ముందు కన్నునడగండి

తుపాకీ ఎత్తేది చేయే. గురి చూసే కన్ను మాత్రం ఆ చేతివైపే ఉండాలని లేదు. ఈ చిన్న సంగతి మొదటిరోజే తెలుసుకోక ఏళ్లతరబడి అవస్థపడే షూటర్లున్నారు.

రెండు చేతులూ ముందుకు చాపండి. అరచేతులు బయటికి తిప్పి, ఒకదానిమీద ఒకటి ఆనించి, మధ్యలో రూపాయి బిళ్లంత సందు వదలండి. రెండు కళ్లూ తెరిచే ఉంచి, ఆ సందులోంచి ఎదుటి గోడమీది గడియారాన్ని చూడండి. ఇప్పుడు ఎడమకన్ను మూయండి. గడియారం ఉన్నచోటే కనిపిస్తే మీకు కుడికన్ను పెద్దది. మాయమైతే ఎడమకన్ను. పెద్దదంటే సైజులో కాదు, పెత్తనంలో. చూపు చురుగ్గా ఉన్న కన్నే ఈ పెత్తనం చేస్తుందనుకోవడానికీ లేదు. అద్దాలు కావాల్సిన కన్నే పెద్దరికం వెలగబెడుతుండొచ్చు.

ఇది కొత్తగా తెలిసిందేమీ కాదు. ఇటలీ పండితుడు జాంబట్టిస్టా డెల్లా పోర్టా 1593లోనే ఇలాంటి పరీక్ష గురించి రాశాడు. కర్రను కళ్లముందు పెట్టి దూరంలోని వస్తువుకు సూటిగా పట్టుకోవాలి. ఒక్కో కన్నూ మూసి చూస్తే, ఆ కర్రను సూటిగా పట్టింది ఏ కన్నో బయటపడుతుంది.

మనుషుల్లో ఇంచుమించు మూడింట రెండొంతుల మందికి కుడికన్నుదే పెత్తనం. మిగతావారిలో ఎక్కువమందికి ఎడమకన్నుది. ఎడమచేతివాటం వాళ్లు మాత్రం పదిమందిలో ఒకరే. లెక్క వేయండి. వందమందిలో ఎడమకన్ను వాళ్లు ముప్పై మంది, ఎడమచేతి వాళ్లు పదిమంది అనుకుంటే, ఆ పదిమందికీ ఎడమకన్నే ఉన్నా ఇంకా ఇరవై మంది మిగులుతారు. వాళ్లది కుడిచేయి, ఎడమకన్ను. వాళ్లకా సంగతి తెలియదు. అన్నం తినడానికో, బండి నడపడానికో తెలియాల్సిన పనీ లేదు.

చేతికీ కంటికీ ఇలా ఎందుకు పొత్తు కుదరదో మెదడు నిర్మాణం చూస్తే అర్థమవుతుంది. కుడిచేతిని నడిపేది మెదడు ఎడమభాగం, ఎడమచేతిని నడిపేది కుడిభాగం. కళ్ల సంగతి వేరు. ఒక్కో కంటినుంచి వచ్చే నరంలో సుమారు సగం తంతులు అటువైపు దాటిపోతాయి, మిగిలినవి ఇటే ఉంటాయి. అంటే ప్రతి కన్నూ మెదడు రెండు భాగాలకూ కబురు పంపుతుంది. కాబట్టి చేతిని చూసి కన్నును ఊహించడం కుదరదు. పైగా చూపు బాగా పక్కకు తిరిగినప్పుడు పెత్తనం రెండో కంటికి మారిపోవచ్చని కెనడా పరిశోధకులు ఖాన్, క్రాఫర్డ్ 2001లో చూపించారు.

ఈ తేడా అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతీసేది షాట్‌గన్ పట్టినవాళ్లను. ట్రాప్ పోటీలో గంటకు వంద కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయే, పదకొండు సెంటీమీటర్ల వెడల్పున్న మట్టి పళ్లేన్ని కొట్టాలి. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాదీ కైనాన్ చెనాయ్ వ్యక్తిగత కాంస్యం, జట్టు స్వర్ణం గెలిచింది ఇందులోనే. రైఫిల్‌కున్నట్టు షాట్‌గన్‌కు వెనకవైపు గురిచూసే పరికరం ఉండదు. గొట్టం చివర చిన్న పూస, అంతే. వెనక ఉండాల్సిన గురి, తుపాకీ మడమకు చెంప ఆనించిన మనిషి కన్నే.

కుడిభుజానికి తుపాకీ ఆనించినవాడికి ఎడమకన్ను పెద్దదనుకుందాం. రెండు కళ్ల మధ్య దూరం ఆరు సెంటీమీటర్ల పైచిలుకు. కంటినుంచి పూస దాకా సుమారు మీటరు. ఎడమకన్ను ఆ పూసను, పళ్లేన్ని ఒకే వరుసలోకి తెస్తే గొట్టం మాత్రం ఎడమకు తిరిగి ఉంటుంది. ముప్పై మీటర్ల దూరానికి ఆ తేడా సుమారు 1.8 మీటర్లకు చేరుతుంది. అక్కడ గుళ్లు పరుచుకునే వెడల్పు మీటరు కూడా ఉండదు. పళ్లెం చెక్కుచెదరకుండా వెళ్లిపోతుంది. కాల్చినవాడికి మాత్రం అంతా సరిగ్గానే కనిపించింది! కోచ్ ‘తల ఎత్తావు’, ‘తొందరపడ్డావు’ అంటాడు. పాపం, వాడు అవే దిద్దుకుంటూ కూర్చుంటాడు. అసలు తప్పు అక్కడ లేనే లేదు.

పిస్టల్ ఇంత కఠినంగా ఉండదు. చెంపకు ఆనించే పని లేదు, చేయి చాచి ఏ కంటిముందుకైనా తెచ్చుకోవచ్చు. హంగేరీ సైనికుడు కారోయ్ టకాచ్ కథ ఇక్కడ చెప్పుకోవాల్సిందే. కుడిచేత్తో కాల్చే మేటి షూటర్ అతను. 1938లో గ్రెనేడ్ పేలి ఆ చేయి పోయింది. ఎవరికీ చెప్పకుండా ఎడమచేత్తో సాధన మొదలుపెట్టి, మరుసటి ఏడాదే జాతీయ విజేత అయ్యాడు. యుద్ధం వల్ల రెండు ఒలింపిక్స్ రద్దయ్యాయి. 1948లో లండన్‌లో ముప్పై ఎనిమిదేళ్ల వయసులో 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్టల్‌లో ప్రపంచ రికార్డుతో స్వర్ణం, 1952లో హెల్సింకిలో మళ్లీ స్వర్ణం. చేతికి ఎంతైనా నేర్పించవచ్చనడానికి ఇంతకు మించిన సాక్ష్యం నాకు తెలియదు. కంటి పెత్తనం మాత్రం అలా మాట వినదు. అందుకే నా వాదన ఇది: కొత్తగా నేర్చుకునే పిల్లల విషయంలో కన్ను ఎటుంటే భుజం అటు మార్చాలి. పన్నెండేళ్ల పిల్లకు ఎడమభుజం అలవాటు కావడానికి కొన్ని వారాల ఓపిక చాలు.

మన ఇళ్లలో ఇంకో చిక్కుంది. ఎడమచేత్తో ముద్ద ఎత్తితే చేతిమీద ఒక్కటిస్తాం. పలక పట్టగానే కుడిచేతికి మారుస్తాం. ‘మావాడిది పుర్రచెయ్యండీ, కుడిచేత్తోనే నేర్పించండి’ అని కోచ్‌ను బతిమాలే తల్లిదండ్రులు చెడ్డవాళ్లు కారు, బిడ్డ నలుగురిలో వేరుగా కనిపించకూడదన్నదే వాళ్ల బాధ. ఇంగ్లండ్ రాజకుటుంబమూ ఇదే చేసింది. ఆరో జార్జి చేత కుడిచేత్తోనే రాయించారు, కానీ ఆయన 1926లో వింబుల్డన్ డబుల్స్‌లో రాకెట్ పట్టింది ఎడమచేత్తోనే. రాసే చేయిని చూసి తుపాకీ భుజం నిర్ణయిస్తే, ఇంట్లో జరిగిన ఆ దిద్దుబాటును రేంజ్‌కు కూడా మోసుకెళ్లినట్టే.

ఎన్నో ఏళ్లు ఒకే భుజానికి అలవాటుపడ్డ పెద్దవాళ్లను మారమనడం న్యాయం కాదు. వాళ్లకు వేరే దారులున్నాయి. షాట్‌గన్ షూటర్లు కళ్లజోడు అద్దంమీద పెత్తనం చేసే కంటికి ఎదురుగా చిన్న మసక టేపుముక్క అంటించుకుంటారు. రైఫిల్ షూటర్లు ఆ కంటిముందు 30 మిల్లీమీటర్ల వెడల్పు మించని అడ్డు పెట్టుకుంటారు. అది నల్లగా కాకుండా తెల్లగా ఉంటే మేలు. ఒక కంటికి చీకటి కమ్మితే రెండో కంటిపాప కూడా పెద్దదవుతుంది, గురి అస్పష్టమవుతుంది. కన్ను గట్టిగా మూసుకోవడం మరీ చెడ్డ అలవాటు. మొహం కండరాలన్నీ బిగుసుకుంటాయి. పారిస్ ఒలింపిక్స్‌లో తుర్కియేకు చెందిన యూసుఫ్ డికెచ్ ఒక చేయి జేబులో పెట్టుకుని, రెండు కళ్లూ తెరిచి మిక్స్‌డ్ పిస్టల్ రజతం కొట్టిన ఫొటో ప్రపంచమంతా చూసింది.

వేటలో ఇది పతకంతో పోయే విషయం కాదు. మనదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఆ వినోదానికి తెరపడింది, మంచిదే. అమెరికాలో వేట ఇప్పటికీ చట్టబద్ధం. లైసెన్స్ కోసం చదివే పాఠాల్లోనే పెత్తనం చేసే కన్నును కనుక్కోవడం నేర్పిస్తారు. అక్కడ గురి తప్పితే జింక గాయంతో పొదల్లోకి పోయి గంటలకొద్దీ నరకం చూస్తుంది. మన తెలుగువాళ్లెవరైనా అక్కడ తుపాకీ కొనబోతే, దుకాణంలో అడుగుపెట్టకముందే ఈ పరీక్ష చేసుకోవాలి.

ఇక తుపాకుల సంగతి. చాలా రైఫిళ్లకు బోల్ట్ (తూటా ఎక్కించే మీట) కుడివైపు, ఖాళీ తూటా ఎగిరిపడేది కుడివైపు. ఎడమభుజానికి పెడితే అది మొహం ముందునుంచే పోతుంది. బ్రిటిష్ సైన్యం వాడే ఎస్ఏ80 రైఫిల్‌నైతే ఎడమభుజం నుంచి కాల్చనే కూడదు, ఎడమచేతివాటం సైనికులూ కుడిభుజానికి మారాల్సిందే. వేట తుపాకుల్లో కొంత మెరుగు. అమెరికా కంపెనీ సావేజ్ 1959లోనే ఎడమచేతి బోల్ట్ రైఫిల్ అమ్మకానికి పెట్టింది. ఇథాకా 37 షాట్‌గన్ ఖాళీ తూటాను కిందికి వదులుతుంది కనుక ఏ భుజమైనా ఒకటే.

మన రేంజ్‌లలో పిస్టల్ నేర్చుకునేవాళ్లకు ఎడమచేతి చెక్కపిడి మార్చితే సరిపోతుంది. రైఫిల్‌కు చాలాసార్లు అలా కుదరదు, ఎడమచేతి నమూనానే కొనాల్సి వస్తుంది. షూటర్లు గగన్ నారంగ్, ఈషా సింగ్ పెరిగిన హైదరాబాద్‌లోనైనా, జిల్లా కేంద్రంలోని చిన్న క్లబ్బులోనైనా, కొత్త పిల్లలకిచ్చే రైఫిళ్లలో కనీసం ఒకటి ఎడమభుజానిది ఉండాలని తల్లిదండ్రులు పిల్లలను చేర్చే రోజునే అడగాలి.