ష్రింపా? ప్రానా? - రొయ్యలలో రెండు వంశాలు

తెలుగులో రొయ్య అన్నది ఒకటే మాట. నెల్లూరు తీరాన సముద్రంలో వల వేసి పట్టినా, ఉప్పుటేరులో పట్టినా, పెన్నలో పట్టినా, చెరువులో పెంచినా అది రొయ్యే. ఎండబెడితే ఎండు రొయ్య; మరీ చిన్నవి ఎండితే రొయ్యపొట్టు. రొయ్యకూ బారెడు మీసాలున్నవని మనవారు సామెత చెప్పుకొన్నారే గాని, ఆ సామెత ఏ రొయ్యను గురించి పుట్టినదో ఎవరూ అడగలేదు. అన్ని రొయ్యలకూ మీసాలున్నవి గనుక అడగవలసిన పని లేకపోయింది.

ఇంగ్లీషులో సంగతి వేరు. అక్కడ ష్రింప్, ప్రాన్ అని రెండు మాటలున్నవి. నిఘంటువు తెరిస్తే రెండింటికీ రొయ్య అనే అర్థం కనబడుతుంది. కాని మేత బస్తా మీద ఒక మాట, ఎగుమతి పెట్టె మీద ఇంకొక మాట, ప్రభుత్వ చట్టంలో రెండు మాటలూ పక్కపక్కనే కనబడతవి. ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు ప్రాంతాల నుండి కళాశాలకు వచ్చే విద్యార్థుల ఇళ్ళలో చాలామందికి రొయ్యల పెంపకంతో ఏదో ఒక సంబంధం ఉంటుంది. జంతుశాస్త్ర తరగతిలో వారు తప్పక అడిగే ప్రశ్న ఇది: "ఈ రెండింటికీ తేడా ఏమిటండీ?"

సాధారణంగా వినబడే జవాబులు రెండు. పెద్దది ప్రాన్, చిన్నది ష్రింప్ అన్నది ఒకటి. మంచినీటిది ప్రాన్, సముద్రానిది ష్రింప్ అన్నది రెండవది. రెండింటిలోనూ కొంత నిజమున్నది. అయితే ఒక్కటీ పూర్తి నిజం కాదు.

మాటల పుట్టుక

ఈ మాటలు వర్గీకరణ శాస్త్రం కంటే చాలా పాతవి. ఇంగ్లండు తీరంలోని జాలరులు ఇసుక నేలలపై దొరికే చిన్న రొయ్యను ష్రింప్ అన్నారు. దాని శాస్త్రనామం క్రాంగాన్. రాళ్ళ మధ్య దొరికే కొంచెం పెద్ద రొయ్యను ప్రాన్ అన్నారు. దాని శాస్త్రనామం పాలిమాన్. పరిమాణాన్ని బట్టి వచ్చిన పేర్లే ఇవి. శరీర నిర్మాణం చూస్తే ఈ రెండూ ఒకే వంశానికి చెందినవి. కాబట్టి పుట్టిన చోటనే ఈ మాటలు రెండు వంశాలను వేరుచేయలేదు.

ఇంగ్లీషు భాష సముద్రాలు దాటిన తరువాత గందరగోళం పెరిగింది. అమెరికాలో పెద్దదీ చిన్నదీ అన్న భేదం లేకుండా ష్రింప్ అన్నారు. మన దేశంలోను, ఆస్ట్రేలియాలోను ప్రాన్ అన్న మాటకే వాడుక ఎక్కువ. 1955లో టోక్యోలో సమావేశమైన ఇండో-పసిఫిక్ మత్స్య మండలి ఈ చిక్కును తీర్చ యత్నించి, ప్రధానమైన పెద్ద రొయ్యల కుటుంబాలకు ప్రాన్ అనీ, మిగిలిన చిన్నవాటికి ష్రింప్ అనీ పేర్లు సూచించింది. తరువాత కాలంలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రచురణలలో వేరొక పద్ధతి స్థిరపడింది. పెంపకానికి సంబంధించినంతవరకు, సముద్రపు రొయ్యలు ష్రింప్, మంచినీటి రొయ్యలు ప్రాన్. నేడు మన మత్స్యశాస్త్ర గ్రంథాలలో ఎక్కువగా కనబడేది ఈ రెండవ పద్ధతి. అయినా సముద్రపు రొయ్య అయిన టైగర్ రొయ్య ఇంగ్లీషు పేరు ఇప్పటికీ "జెయంట్ టైగర్ ప్రాన్" గానే మిగిలిపోయింది!

ఇది చాలదన్నట్లు మూడవ మాట ఒకటి వచ్చి చేరింది. మన మంచినీటి నీలకంఠ రొయ్యను వ్యాపారస్థులు స్కాంపీ అంటారు. ఐరోపాలో స్కాంపీ అంటే రొయ్యే కాదు. అది ఉత్తర అట్లాంటిక్ సముద్రంలోని ఒక చిన్న లాబ్‌స్టర్ జాతి.

మాటలను నమ్ముకొంటే ఇంతే. ఇక జంతువునే చూద్దాము.

చేతిలోని రొయ్యను చూడండి

రొయ్యలన్నీ దశపాదులు, అనగా పది నడక కాళ్ళు గల క్రస్టేషియన్లు. పీతలు, లాబ్‌స్టర్లు కూడా ఈ క్రమంలోనివే. ఈ క్రమాన్ని శాస్త్రజ్ఞులు రెండు ఉపక్రమాలుగా విభజించారు. మొదటిది డెండ్రోబ్రాంకియేటా. కొమ్మలు వేసిన చెట్టువలె చీలిన మొప్పలు గలవి అని దీని అర్థం. టైగర్ రొయ్య (పీనియస్ మోనోడాన్), మన తెల్ల రొయ్య (పీనియస్ ఇండికస్), అమెరికా నుండి వచ్చిన వెనామీ రొయ్య ఈ వంశంలోనివి. రెండవది ప్లియోసైమేటా. నీలకంఠ రొయ్య (మాక్రోబ్రాకియం రోజెన్‌బర్గై) దీనిలోనిది. దీని మొప్పలు పుస్తకంలోని కాగితాలవలె పలుచని రేకులుగా ఉంటవి. పీతలు కూడా ఈ రెండవ ఉపక్రమంలోనివే. కాబట్టి చూపులకు ఎట్లున్నా, నీలకంఠ రొయ్యకు టైగర్ రొయ్య కంటే పీతే దగ్గరి చుట్టం.

మొప్పలు చూడాలంటే పెంకు ఒలవవలెను. అంత శ్రమ లేకుండా పైనుండే గుర్తుపట్టే ఆనవాళ్ళు రెండున్నవి.

మొదటిది వెనుక భాగపు పెంకులు. రొయ్య తల వెనుకనున్న ఉదరం ఆరు ఖండాలుగా ఉంటుంది. టైగర్ రొయ్యను పక్కనుండి చూస్తే, ఇంటికప్పు మీది పెంకులవలె ముందు ఖండపు అంచు వెనుక ఖండాన్ని కప్పుతూ పోతుంది. మొదటిది రెండవదానిపైన, రెండవది మూడవదానిపైన ఉంటుంది. నీలకంఠ రొయ్యలో ఈ వరుస తప్పుతుంది. రెండవ ఖండం వెడల్పై, తన ముందున్న మొదటిదానినీ వెనుకనున్న మూడవదానినీ కూడా కప్పుతుంది.

రెండవది కాళ్ళు. టైగర్ రొయ్య నడక కాళ్ళలో మొదటి మూడు జతలకు చిన్న పట్టుకొమ్ములుంటవి. అవి మూడూ ఇంచుమించు ఒకేవిధంగా, సన్నగా ఉంటవి. నీలకంఠ రొయ్యకు మొదటి రెండు జతలకే పట్టుకొమ్ములు. అందులో రెండవ జత చాలా పొడుగు; పెద్ద మగ రొయ్యలో అది శరీరం కంటే పొడుగై, నీలిరంగు తేలి ఉంటుంది.

పెంకుల గుర్తు చిన్న రొయ్యకూ పెద్ద రొయ్యకూ, తల తీసిన రొయ్యకు కూడా పనికివస్తుంది. బజారులో తలలు తీసి అమ్మే రొయ్యను సైతం, పెంకు ఒలవకుండా ఉంటే, దీనితో పోల్చుకోవచ్చును.

గుడ్ల సంగతి

అసలైన తేడా సంతానోత్పత్తిలో ఉన్నది. టైగర్ రొయ్య తల్లి తన గుడ్లను రాత్రివేళ సముద్రపు నీటిలోకి వదిలివేస్తుంది. తడవకు కొన్ని లక్షల గుడ్లు. అక్కడితో తల్లి బాధ్యత తీరింది. ఒక రోజు గడవకముందే గుడ్డు నుండి నాప్లియస్ అనే సూక్ష్మ డింభకం వెలువడుతుంది. అది అనేక దశలు మారి చిన్న రొయ్యపిల్ల అవుతుంది.

నీలకంఠ రొయ్య అట్లు కాదు. తల్లి గుడ్లను ఉదరం కింద ఈత కాళ్ళ మధ్య అంటించుకొని, కాళ్ళు ఆడిస్తూ వాటికి గాలి తగిలేటట్లు చేస్తూ, సుమారు మూడు వారాలు మోస్తుంది. మొదట నారింజ రంగులో ఉన్న గుడ్లు పొదగబడే సమయానికి బూడిదరంగుకు మారతవి. పెద్ద తల్లి అయినా మోయగలిగేది వేలలోనే, మహా అయితే లక్ష. నాప్లియస్ దశ గుడ్డులోనే గడచిపోతుంది. బయటికి వచ్చేది దానికంటే ఎదిగిన జోయియా డింభకం. లక్షలు వదిలి అదృష్టానికి విడిచిపెట్టడం ఒక వంశపు పద్ధతి. తక్కువ కని మోసి కాపాడడం రెండవ వంశపు పద్ధతి.

ఉప్పుటేరులో కలయిక

మంచినీటి రొయ్య అన్న పేరు వినగానే, దాని జీవితమంతా మంచినీటిలోనే గడుస్తుందని అనుకొంటాము. అది పొరపాటు. గుడ్లు మోసే తల్లి నదివెంట దిగువకు వచ్చి, మంచినీరూ సముద్రపు నీరూ కలిసే చోటికి చేరుతుంది. డింభకాలు ఆ నీటిలోనే బతుకుతవి. మంచినీటిలోనే ఉండిపోతే కొద్ది రోజులలో చచ్చిపోతవి. ఈ రహస్యాన్ని 1960ల మొదట్లో మలేసియాలోని పెనాంగ్‌లో శావో-వెన్ లింగ్ అనే శాస్త్రజ్ఞుడు బయటపెట్టాడు. అంతకు ముందు నీలకంఠ రొయ్యపిల్లలను తొట్లలో పెంచే మార్గం తెలియదు. నేటి హేచరీలలో ఈ డింభకాలకు వెయ్యి పాళ్ళ నీటికి సుమారు పన్నెండు పాళ్ళ ఉప్పు ఉండేటట్లు చూస్తారు. సముద్రపు నీటిలో ఈ ఉప్పు సుమారు ముప్పై అయిదు పాళ్ళు.

టైగర్ రొయ్య ప్రయాణం దీనికి ఎదురు దిశలో సాగుతుంది. అది సముద్రంలో గుడ్లు పెడుతుంది. పిల్లలు ఆటుపోట్లతో ఉప్పుటేళ్ళలోకి వచ్చి, మడ అడవులలో, బురద నేలలలో పెరిగి, పెద్దవై తిరిగి సముద్రానికి పోతవి. నది నుండి ఒక వంశపు తల్లులు, సముద్రం నుండి మరొక వంశపు పిల్లలు వచ్చి కలిసే చోటు ఉప్పుటేరు. పెన్న సంగమం, కండలేరు ఉప్పుటేరు, పులికాట్ సరస్సు ఇట్టి చోట్లే. వీటిని పాడుచేస్తే రెండు వంశాలకూ నష్టమే.

నెల్లూరు చెరువుల అనుభవం

ఈ తేడా తెలియడం పుస్తక జ్ఞానానికే కాక బతుకుతెరువుకు కూడా అవసరమని నెల్లూరు తీరం చూపింది. 1990ల మొదట్లో ఇక్కడ టైగర్ రొయ్యల చెరువులు విపరీతంగా పెరిగినవి. కండలేరు వంటి ఉప్పుటేళ్ళ గట్లన రైతులు ఆ ఏటి నీటినే తోడుకొని, వాడిన నీటిని తిరిగి అందులోకే వదిలారు. 1994లో తెల్లమచ్చ వైరస్ వచ్చింది. పెంకుపై తెల్లని చుక్కలు కనబడిన వారం పది రోజులలో చెరువు మొత్తం తుడిచిపెట్టుకొని పోయేది. ఒకరి చెరువు నీరు మరొకరి చెరువులోకి పోయే చోట జబ్బును ఆపడం అసాధ్యమైంది.

తరువాత చాలామంది మంచినీటి వసతి ఉన్న చోట నీలకంఠ రొయ్య వైపు మళ్ళారు. పెద్ద నీలకంఠ రొయ్య తెల్లమచ్చ వైరస్‌ను సాధారణంగా తట్టుకొంటుంది. అయితే దానిని మోసుకొని పోగలదు. దీనికి వచ్చే జబ్బు వేరు. తెల్లతోక వ్యాధి అనే మరొక వైరస్ దాని పిల్లలను చంపుతుంది. ఆ వైరస్‌ను టైగర్ రొయ్య తాను జబ్బుపడకుండా మోయగలదు. పెంపకంలోనూ తేడా ఉన్నది. నీలకంఠ మగ రొయ్యలన్నీ సమానంగా ఎదగవు. నీలి కొమ్ముల పెద్దవాటి పెత్తనం కింద చిన్నవి అణగి ఉంటవి. అందుచేత ఒకేసారి పట్టక, పెద్దవాటిని ఏరి పడుతూ పోవలెను. ఒక వంశానికి పనికివచ్చిన పద్ధతిని రెండవదానికి గుడ్డిగా వాడితే నష్టపోయేది రైతే.

నీరు నమ్మదగిన గుర్తు కాదు

2009లో ప్రభుత్వం వెనామీ రొయ్య పెంపకానికి అనుమతి ఇచ్చింది. ఇది పసిఫిక్ సముద్రానికి తూర్పు తీరాన, మెక్సికో మొదలు పెరూ వరకు పుట్టే రొయ్య. అనగా నిస్సందేహంగా సముద్రపు వంశం, ష్రింప్. కాని పిల్లలను క్రమంగా అలవాటు చేసి, నీటిలో తగిన ఖనిజ లవణాలు ఉండేటట్లు చూస్తే, ఇది అతి స్వల్పమైన ఉప్పు గల నీటిలో కూడా పెరుగుతుంది. అందువల్ల తీరానికి దూరంగా బోరునీటి చెరువులలోను దీనిని పెంచుతున్నారు. "మంచినీటిలో పెరిగేది ప్రాన్" అన్న సూత్రం ఇక్కడ విఫలమైంది. సముద్రపు వంశం మంచినీటి వంటి నీటిలో పెరుగుతున్నది; మంచినీటి వంశపు డింభకం ఉప్పునీటిని కోరుతున్నది. వంశాన్ని తేల్చేది నీరు కాదు, శరీరం.

చట్టంలోను, వ్యాపారంలోను

1996 డిసెంబరు 11న సుప్రీం కోర్టు తీర ప్రాంతపు ష్రింప్ చెరువులను గూర్చి తీర్పు ఇస్తూ, తీర నియంత్రణ మండలంలో కొత్తవి తవ్వరాదని, సేద్యపు భూములను అట్టి చెరువులుగా మార్చరాదని ఆదేశించింది. 2005లో తీర ప్రాంత జలచరాల పెంపకపు ప్రాధికార సంస్థ చట్టం వచ్చింది. దానిని రాసినవారు చిక్కును ముందే గ్రహించి, ష్రింప్, ప్రాన్, చేప అని వరుసగా పేర్కొని, "ఉప్పునీటిలో" పెంచడమే తమ పరిధి అనీ, మంచినీటి పెంపకం అందులో చేరదనీ స్పష్టం చేశారు. 2023 సవరణలో నిర్వచనం విస్తరించినా, మంచినీటి పెంపకం బయటనే ఉన్నది. అనగా చట్టం దృష్టిలో ముఖ్యమైనది రొయ్య పేరు కాదు, చెరువులోని నీరు. పక్క పొలంలోని వరికి, ఊరి తాగునీటి బావికి ప్రమాదం తెచ్చేది నీటిలోని ఉప్పే గనుక ఇది సమంజసమే.

వ్యాపారంలో మరొక పద్ధతి చూస్తాము. 2005లో అమెరికా మన దేశపు రొయ్యలపై అదనపు సుంకం విధించినప్పుడు, ఆ ఉత్తర్వులో ష్రింప్, ప్రాన్ రెండు మాటలూ వాడి, అంతటితో ఆగక టైగర్, వెనామీ, నీలకంఠ రొయ్యల శాస్త్రనామాలను కూడా ఉదాహరించారు. వాడుక మాట సందిగ్ధమైతే డబ్బు లెక్క తప్పుతుంది. లాటిన్ పేరుకు ఆ సందిగ్ధత లేదు.

ఈ చర్చ వల్ల తేలినదేమంటే, ష్రింప్, ప్రాన్ అన్నవి దేశాన్ని బట్టి, కాలాన్ని బట్టి అర్థం మార్చుకొనే మాటలు. మన పాఠ్యపుస్తకాల వాడుక ప్రకారం సముద్రపు వంశాన్ని ష్రింప్ అనీ, నీలకంఠ రొయ్య వంశాన్ని ప్రాన్ అనీ అనుకోవడంలో తప్పు లేదు. కాని పిల్లలను కొనేటప్పుడు, మేత తెచ్చేటప్పుడు, జబ్బుకు సలహా అడిగేటప్పుడు, అనుమతికి దరఖాస్తు పెట్టేటప్పుడు ఆ మాటతో సరిపెట్టుకోరాదు. ఏ జాతి? గుడ్లు వదిలేదా, మోసేదా? చెరువు నీటిలో ఉప్పు ఎంత? ఈ మూడు ప్రశ్నలకు జవాబు తెలిస్తే, తెలుగులో అన్నిటినీ రొయ్య అన్నా చిక్కులేదు.