బేస్ గిటార్‌ మీద కమాను నడుస్తదా?

ఫోన్ల వీడియోలు చూసి తమ్ముళ్లు ఒక్కటే అడుగుతున్నరు: "అన్నా, వయొలిన్ కమాను కొని బేస్ గిటార్ మీద గీస్తె గా లోతు సప్పుడు వస్తదా?" నేను చర్చిల, పెండ్లిళ్లల బేస్ వాయించెటోన్ని. వస్తది. కాని పైసలు పెట్టే ముందు సంగతి తెల్సుకోవాలె.

కమానుకు గుర్రం తోక ఎంటికలుంటయి. వాటికి రోజిన్ రుద్దుతరు. పైన్ చెట్టు బంకతోని చేసిన గట్టి ముద్ద అది. దాంతోని ఎంటిక తీగను పట్టుకుంటది, జర గుంజుతది, ఇడుస్తది, మల్ల పట్టుకుంటది. గిట్ల ఆగకుంట అయితెనే సప్పుడు సాగుతది. బేస్‌ల అన్నిటికంటె మందం తీగ సెకనుకు దగ్గరదగ్గర 41 సార్లు ఊగుతది. గంత బరువు తీగకు వయొలిన్ కమాను తేలికైతది. సెల్లోదో, డబుల్ బేస్‌దో అయితె మేలు.

అసలు తిప్పలు బ్రిడ్జి కాడ ఉన్నది. వయొలిన్ బ్రిడ్జి గుండ్రంగ వంగి ఉంటది. అందుకే కమాను వంచినకొద్ది ఒక్కో తీగ ఒంటిగ దొరుకుతది. బేస్ గిటార్ల నాలుగు తీగలు దాదాపు ఒక్క మట్టంల ఉంటయి. అటు చివర, ఇటు చివర తీగలు ఎట్లనో అందుతయి. నడిమి రెండు ఒంటిగ అందయి. ఇంక వంచుదామంటె గిటార్ చెక్కనే అడ్డమొస్తది. 1951ల ఫెండర్ కంపెనీ ప్రెసిషన్ బేస్ తెచ్చింది వేళ్లతోని మీటేటందుకు, గీసేటందుకు గాదు.

1960లల ఇంగ్లండ్‌ల ఎడ్డీ ఫిలిప్స్, జిమ్మీ పేజ్ ఎలక్ట్రిక్ గిటార్ మీద కమాను గీసిన్రు. ఆడ గూడ గిదే తిప్పలు. అందుకే దాన్ని రాగం కోసం కన్న, గుయ్యిమనే సాగుడు సప్పుడు కోసమే ఎక్కువ వాడిన్రు. మనం గూడ చివరి తీగ మీద తంబూర లెక్క శృతి వట్టొచ్చు. పాట మొత్తం వాయిస్తనంటె మాత్రం కుదరది. అయినంక రోజిన్ పొడి పొడిబట్టతోని తుడువాలె. లేకుంటె తీగలు జిగటైతయి.

పైసా ఖర్చు లేని ఉపాయం ఇంకోటున్నది. వాల్యూమ్ సున్నకు తిప్పి తీగ మీటు, ఎంటనే మెల్లగ పెంచు. మీటిన దెబ్బ ఇనబడది, సప్పుడు కమాను గీసినట్టె లేస్తది.

ముందు గిది చేసి చూడుండ్రి. గప్పటికి గూడ మనసు కమాను మీదనే ఉంటె, మన ఆదిలాబాద్ పర్ధాన్ల కిక్రి ఇనుండ్రి. కమానుతోనే వాయించే వాద్యం అది. నేర్సుకునేటందుకు ఇంగ్లండ్ దాక పోవుడెందుకు?